లోపలి ఆడవాళ్ళకు తెలిసిన సంగతి

2008లో ఒక మధ్యాహ్నం, ఇంటర్ చదివే అమ్మాయి ఒకతి నా ఎదురుగా కూర్చుని చేతిలోని జిరాక్స్ కాగితం చూపిస్తూ, “మేడమ్, ఈ జబ్బు ఏంది? అమ్మకి మందులేమన్న వాడాల్నా?” అని అడిగింది.

ఆ కాగితం వాళ్ళమ్మ కేస్ షీటు. అందులో రాత నాది. అప్పట్లో కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, వారానికి రెండు మధ్యాహ్నాలు హైదరాబాదులో ఒక కౌన్సెలింగ్ కేంద్రానికి వెళ్ళేదాన్ని. ఆమె కుట్టుపని చేసి ఇల్లు నడిపే మనిషి. భర్త కొడతాడు. రెండేళ్ళలో మూడుసార్లు మా దగ్గరికొచ్చింది. మూడుసార్లూ తిరిగి ఆ ఇంటికే వెళ్ళింది. పైగా పోలీసుల్ని పిలుద్దామంటే వద్దని బతిమాలింది. “ఆయన మంచోడే మేడమ్, తాగినప్పుడే గిట్ల” అంది. మూడోసారి ఆమె వెళ్ళిపోయాక, విసుగుతోనో నిస్సహాయతతోనో, షీటు అడుగున ఇంగ్లీషులో ఒక ముక్క రాశాను. స్టాక్‌హోమ్ సిండ్రోమ్ అని. న్యాయ సహాయం కోసం కాగితాలు ఇచ్చినప్పుడు ఆ పేజీ కూడా వాళ్ళ చేతికి వెళ్ళింది.

“జబ్బు కాదమ్మా, ఊరికే ఒక మాట” అన్నాను.

“మరి ఎందుకు రాసిన్రు?” అంది ఆ పిల్ల.

నా దగ్గర జవాబు లేదు. ఆ మాట రాసినప్పుడు నాకొక తృప్తి కలిగిన సంగతి ఇప్పుడు దాచను. అర్థం కానిది అర్థమైపోయినట్టు, ఇక నేను చెయ్యగలిగింది ఏమీ లేనట్టు అనిపించింది. మనకి కొరుకుడుపడని ఆడమనిషికి ఒక పేరు దొరికితే ఆమె గురించి ఇంకా ఆలోచించాల్సిన పని తప్పుతుంది. ఆ పేరు ఎక్కడ పుట్టింది, ఎవరు పెట్టారు, ఎవరికి పెట్టారు అని నేను వెతకడం ఆ అమ్మాయి ప్రశ్న వల్లే మొదలైంది. వెతుకుతూ వెతుకుతూ, ఎం.ఏ. రోజుల్లో ఒక ఫిల్మ్ సొసైటీ వాళ్ళు వేస్తే చూసిన ఒక అమెరికన్ సినిమా దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఆ మాట ఇంకా ప్రచారంలోకి రాకముందే తయారైన సినిమా అది. అందుకే దాని దగ్గర మొదలుపెడతాను.

*

సినిమా పేరు ‘డాగ్ డే ఆఫ్టర్‌నూన్’. 1975లో సిడ్నీ లూమెట్ తీశాడు. స్క్రీన్‌ప్లే రాసిన ఫ్రాంక్ పియర్సన్‌కు ఆస్కార్ వచ్చింది. ఎడిటింగ్ చేసింది డీడీ అలెన్ అనే స్త్రీ. మొదటిసారి చూసినప్పుడు నాకు గుర్తుండిపోయింది ఆల్ పచినో ఒక్కడే. చెమటతో తడిసిన తెల్ల చొక్కా, నిద్రలేని కళ్ళు, చేతిలో రైఫిల్. ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ చూస్తే నా కళ్ళు అతన్ని దాటి, వెనకాల కౌంటర్ల దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళ మీద పడ్డాయి.

ఇది జరిగిన కథే. 1972 ఆగస్టు 22న న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో చేజ్ మాన్‌హట్టన్ బ్యాంకు శాఖలోకి ముగ్గురు దోపిడీకి దిగారు. ఒకడు మొదట్లోనే జారుకున్నాడు. మిగిలినవాళ్ళు జాన్ వొయ్టోవిచ్, సాల్వటోర్ నాటురాలే. వొయ్టోవిచ్ వియత్నాం యుద్ధానికి వెళ్ళొచ్చినవాడు, ఒకప్పుడు బ్యాంకులోనే గుమస్తాగా పనిచేసినవాడు. నాటురాలేకి 18 ఏళ్ళు. వాళ్ళు బయటపడేలోపే పోలీసులు చుట్టుముట్టారు. లోపలున్న ఉద్యోగులు బందీలయ్యారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. దాదాపు 14 గంటలు నడిచిన ఈ వ్యవహారం టీవీలో వచ్చింది. వీధి నిండా జనం పోగయ్యారు. చివరికి కెన్నెడీ విమానాశ్రయంలో నాటురాలేని ఎఫ్.బి.ఐ. కాల్చి చంపింది. వొయ్టోవిచ్‌కి 20 ఏళ్ళ శిక్ష పడింది. అందులో సుమారు అయిదేళ్ళు జైల్లో ఉన్నాడు.

సినిమాలో వొయ్టోవిచ్ పేరు సానీ. అతను దోపిడీకి ఎందుకు దిగాడన్నది సగం సినిమా అయ్యాక గాని తెలియదు. అతను పెళ్ళాడిన లియోన్ అనే వ్యక్తికి లింగమార్పిడి శస్త్రచికిత్స చేయించడానికి డబ్బు కావాలి. నిజజీవితంలో ఆమె తర్వాత ఎలిజబెత్ ఈడెన్ అన్న పేరుతో బతికిన ట్రాన్స్ మహిళ. దీనికి తోడు సానీకి ఒక భార్య, ఇద్దరు పిల్లలు, వదలని తల్లి, దొరకని ఉద్యోగం. అందరూ అతని దగ్గర్నించి ఏదో ఒకటి ఆశించేవాళ్ళే. మగవాడన్నాక సంపాదించాలి, అందర్నీ సాకాలి అన్న పితృస్వామ్యపు లెక్క అతని నెత్తిన కూర్చుంది. ఆ లెక్క తేలక తుపాకీ పట్టాడు. విమర్శకులు ఈ నిస్పృహ గురించి చాలా రాశారు. రాయాల్సిందే. ఐతే అదే గదిలో అదే వేడికి చెమటలు కక్కుతున్న ఆడ గుమస్తాల గురించి రాసింది తక్కువ.

ఒక సన్నివేశంలో టీవీ యాంకర్ ఫోన్‌లో సానీని, దొంగతనం ఎందుకు, ఉద్యోగం చేసుకోవచ్చు కదా అని అడుగుతాడు. యూనియన్ కార్డు లేకపోతే పని దొరకదు, యూనియన్ లేని పని చేస్తే బతకలేం అంటాడు సానీ. యూనియన్ లేని పనికి ఉదాహరణగా బ్యాంకు గుమస్తా జీతం ఎంత తక్కువో చెప్పి, నీ జీతమెంత అని ఆ యాంకర్‌నే తిరిగి అడుగుతాడు. ఆ గదిలో నిలబడ్డ ఆడవాళ్ళ జీతాన్ని పదిమంది వినేలా చెప్పింది బ్యాంకు కాదు, పోలీసులు కాదు. తుపాకీ పట్టుకున్న ఆ మనిషే. వాళ్ళకు అతని మీద కాస్త జాలి కలిగిందంటే అందులో జబ్బేముంది?

హెడ్ టెల్లర్ సిల్వియా ఉంది. పెనెలోపీ అలెన్ ఆ పాత్ర వేసింది. సానీ ఆమెను ముందు పెట్టుకుని గుమ్మం దాకా వస్తాడు. అక్కడ పోలీసులు ఆమెను తమవైపు లాక్కోబోతారు. తప్పించుకునే అవకాశం చేతికందినట్టే. ఆమె విదిలించుకుని, తన పిల్లలు లోపలున్నారంటూ వెనక్కి వెళ్ళిపోతుంది. పిల్లలంటే తన కింద పనిచేసే అమ్మాయిలు. ఈ సన్నివేశాన్ని ఈరోజు ఎవరికైనా చూపిస్తే చాలామంది ఠక్కున స్టాక్‌హోమ్ సిండ్రోమ్ అంటారు. నేనూ అనేదాన్నే. ఐతే సిల్వియా దొంగ కోసం వెనక్కి వెళ్ళలేదు, తోటి ఆడవాళ్ళ కోసం వెళ్ళింది. ఆ తేడా కళ్ళెదురుగా కనిపిస్తున్నా మనం చూడం.

ఇంకొకటి ఉంది. ఆస్తమాతో బాధపడుతున్న నల్లజాతి వాచ్‌మన్‌ని సానీ మొట్టమొదట విడిచిపెడతాడు. అతను గుమ్మం దాటగానే పోలీసులు దొంగ అనుకుని మీద పడి పట్టుకుంటారు. అతను బందీ అని సానీయే అరిచి చెప్పాల్సి వస్తుంది. లోపలున్న ఆడవాళ్ళు ఆ దృశ్యమంతా అద్దాల్లోంచి చూస్తూనే ఉన్నారు. తమను కాపాడ్డానికి వచ్చినవాళ్ళకి దొంగెవరో బందీ ఎవరో తెలియదన్న సంగతి వాళ్ళకు అప్పుడే తెలిసిపోయి ఉంటుంది.

*

సినిమాలో అందరికీ గుర్తుండేది సానీ వీధిలోకి వచ్చి “ఆటికా” అని అరవడం, జనం గొంతు కలపడం. ఆటికా న్యూయార్క్ రాష్ట్రంలో ఒక జైలు. 1971 సెప్టెంబరు 9న అక్కడి ఖైదీలు తమను మనుషుల్లా చూడాలని తిరగబడి, జైలు సిబ్బందిని బందీలుగా పట్టుకున్నారు. నాలుగు రోజులు చర్చలు నడిచాయి. 13న గవర్నర్ నెల్సన్ రాక్‌ఫెల్లర్ ఆదేశంతో పోలీసులు బాష్పవాయువు వదిలి, గోడల మీంచి కాల్పులు జరిపారు. ఆ కాల్పుల్లో 29 మంది ఖైదీలు, 10 మంది బందీలు చనిపోయారు. బందీల గొంతులు ఖైదీలే కోశారని అధికారులు పత్రికలకు చెప్పారు, పత్రికలు అచ్చేశాయి. తర్వాత శవపరీక్షల్లో తేలిందేమిటంటే, ఆ పదిమందీ చనిపోయింది పోలీసు తూటాలకే.

బ్రూక్లిన్ బ్యాంకు ఘటనకు అప్పటికి ఇంకా ఏడాది నిండలేదు. ఆ నగరంలో ఉన్న ఏ బ్యాంకు గుమస్తాకైనా ఆటికా సంగతి తెలిసే ఉంటుంది. మరో రెండు వారాల్లో, 1972 సెప్టెంబరులో, మ్యూనిక్ ఒలింపిక్స్‌లో బందీలైన ఇజ్రాయెల్ క్రీడాకారుల్ని విడిపించబోయి జర్మన్ పోలీసులు విఫలమయ్యారు. విమానాశ్రయంలో తొమ్మిదిమంది బందీలూ చనిపోయారు. ఆ తర్వాతే న్యూయార్క్ పోలీసు శాఖ కాల్పులకు ముందు మాట్లాడటం నేర్పే ప్రత్యేక బృందాన్ని తయారుచేసుకుంది. హార్వీ ష్లాస్‌బర్గ్ అనే డిటెక్టివ్, మనస్తత్వశాస్త్రంలో డాక్టరేట్ ఉన్నవాడు, దానికి పద్ధతులు రూపొందించాడు. అంటే తొందరపడి లోపలికి చొరబడితే బందీలే చస్తారని రాజ్యం కూడా ఒప్పుకున్నట్టే. బందీలు ముందునుంచీ భయపడింది దానికే.

తెలుగులో మనం బందీ అంటాం. బందీ అంటే ఎవరో కట్టేసిన మనిషి. ఆ మాటలో కట్టేసినవాడొక్కడే కనిపిస్తాడు. ఇలాంటి చోట తాకట్టు అన్న మాట సరిగ్గా సరిపోతుందేమో అనిపిస్తుంది. తాకట్టు పెట్టిన వస్తువు ఇద్దరి మధ్య ఉంటుంది. పట్టుకున్నవాడు ఒకడు, విడిపించుకోవాల్సినవాడు ఇంకొకడు. ఆ విడిపించుకోవాల్సినవాడు ఎంత విలువ కడతాడన్నదాని మీదే ఆ వస్తువు గతి ఆధారపడుతుంది. తాకట్టులో ఉన్న మనిషి ఇద్దర్నీ కనిపెట్టి చూస్తుంది. చూడాలి కూడా. మనం మాత్రం ఆమె ఒక్క వైపే చూస్తోందని నింద వేస్తాం.

*

ఈ సినిమాని నెత్తిన పెట్టుకోవాలని నేను చెప్పడం లేదు. సానీ భార్య యాంజీని చిత్రించిన తీరు చూడండి. లావుపాటి, ఎడతెగకుండా మాట్లాడే, ఎదుటివాడు చెప్పేది వినని మనిషి. ఇలాంటి భార్య ఉంటే మగవాడు ఏం చేస్తాడు పాపం అని ప్రేక్షకుడు అనుకోవాలి. ఆశ్చర్యమేమిటంటే దీన్ని మొదట తప్పుపట్టినవాళ్ళలో వొయ్టోవిచ్ కూడా ఉన్నాడు. 1975లో జైలు నుంచి న్యూయార్క్ టైమ్స్‌కు రాసిన లేఖలో, సినిమాలో నిజం 30 శాతమేనని, తన భార్య వల్లే తాను వేరే సంబంధంలోకి వెళ్ళినట్టు చూపించడం అన్యాయమని అన్నాడు. నిస్పృహకు కారణం వెతికేటప్పుడు ముందు కనిపించేది ఇంట్లో ఆడదే. ఆ అలవాటు హాలీవుడ్‌కీ ఉంది.

లియోన్ పాత్రలో క్రిస్ సారండన్ నటన గొప్పది. ఆ రోజుల్లో అలాంటి పాత్రను నవ్వులపాలు చెయ్యకుండా చూపించడం చిన్న విషయం కాదు. ఆత్మహత్యాయత్నం చేసి ఆసుపత్రిలో ఉన్న లియోన్‌ని పోలీసులు తీసుకొచ్చి సానీతో ఫోన్‌లో మాట్లాడిస్తారు. లియోన్ చెప్పేది వినండి. నెలల తరబడి సానీనుంచి తప్పించుకోవాలనే చూస్తున్నానంటాడు. సానీ తన తలకు తుపాకీ పెట్టిన సంగతీ బయటికొస్తుంది. ఎవరి కోసం ఈ దోపిడీ అని మనమంతా కరిగిపోతున్నామో ఆ మనిషే సానీకి భయపడి పారిపోయింది. బ్యాంకులో పరాయి ఆడవాళ్ళతో మర్యాదగా ఉన్నవాడు ఇంట్లో తన మనుషులతో అలా లేడు. ఈ ఒక్క ఫోన్ సంభాషణను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. నాకు మాత్రం సినిమా మొత్తంలో ముఖ్యమైనది ఇదే. బ్యాంకులో బందీగా ఉండటం, ఇంట్లో బందీగా ఉండటం ఒకటి కాదని ఈ సంభాషణ చెబుతుంది. బ్యాంకులో తుపాకీ ఉన్నంతసేపూ లోకమంతా బయట నిలబడి చూస్తుంది. ఇంట్లో తలకు తుపాకీ పెట్టినప్పుడు బయట ఎవరూ లేరు.

ముగింపు గుర్తు చేసుకోండి. విమానాశ్రయానికి వెళ్ళే దారిలో, మొదటిసారి విమానం ఎక్కబోతున్న సాల్‌కి ఒక బందీ తన జపమాల ఇస్తుంది. కాసేపటికే అతన్ని కాల్చేస్తారు. బండి దిగిన ఆడవాళ్ళు ఒకర్నొకరు పట్టుకుని నడిచి వెళ్ళిపోతారు. కారుకి ఆనించి బేడీలు వేసిన సానీ కన్నీళ్ళతో చూస్తూ ఉంటాడు. అతని దగ్గరికి ఎవరూ రారు. జపమాల ఇచ్చిన దయ నిజమే, తిరిగిరాని ఆ నడకా నిజమే. ప్రమాదం దాటేదాకా కలిసి బతకడానికి ఏం కావాలో అది చేశారు. దాటాక తమ దారిన తాము వెళ్ళారు.

*

బ్రూక్లిన్ ఘటన జరిగిన సరిగ్గా ఏడాది మీద ఒక రోజుకి, 1973 ఆగస్టు 23న, స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో యాన్ ఎరిక్ ఓల్సన్ అనేవాడు తుపాకీతో ఒక బ్యాంకులో ప్రవేశించాడు. డబ్బు కావాలన్నాడు, క్లార్క్ ఓలోఫ్సన్ అనే ఖైదీని తన దగ్గరికి తెమ్మన్నాడు. ప్రభుత్వం ఆ ఖైదీని తెచ్చి అప్పగించింది. నలుగురు ఉద్యోగులు ఆరు రోజులు బందీలుగా ఉన్నారు. ముగ్గురు స్త్రీలు, ఒక పురుషుడు. వాళ్ళలో క్రిస్టిన్ ఎన్‌మార్క్‌కి 23 ఏళ్ళు.

ఆ ఆరు రోజుల్లో ఏం జరిగిందో చూడండి. బందీలూ దొంగలూ ఖజానా గదిలో ఉండగా పోలీసులు బయటినుంచి తలుపు మూసేశారు. పైనుంచి కప్పుకి రంధ్రాలు చేయడం మొదలుపెట్టారు. గ్యాసు వదులుతారని ఓల్సన్ పసిగట్టి, వదిలితే మీరే చస్తారంటూ బందీల మెడలకు ఉరితాళ్ళు బిగించి పెట్టాడు. వదలొద్దని బందీలు వేడుకున్నారు. చివరికి గ్యాసు వదిలారు. దానికి ముందే క్రిస్టిన్ ప్రధానమంత్రి ఓలోఫ్ పాల్మెకి ఫోన్ చేసింది. దొంగలతో కలిసి మమ్మల్ని బయటికి పోనివ్వండి, మాకు వాళ్ళకంటే పోలీసులంటేనే భయంగా ఉంది అని వాదించింది. ఆయన ఒప్పుకోలేదు. విధి నిర్వహణలో ప్రాణం పోతే అదీ మంచిదే కదా అన్న ధోరణిలో ఆయన మాట్లాడాడని ఆమె తర్వాత చెప్పింది. స్వీడన్‌లో మరో మూడు వారాల్లో ఎన్నికలు.

బయటికి వచ్చేటప్పుడు ముందు బందీలు రావాలని పోలీసులు అడిగితే వాళ్ళు నిరాకరించారు. తాము ముందు వస్తే లోపలున్నవాళ్ళని కాల్చేస్తారని వాళ్ళ అనుమానం. క్రిస్టిన్ స్ట్రెచర్ మీద పడుకోనని మొండికేసింది. ఈ ప్రవర్తన లోకానికి వింతగా తోచింది. పోలీసులకు సలహాదారుగా ఉన్న మనోవైద్యుడు నిల్స్ బేయరోట్ దానికొక పేరు పెట్టాడు. అదే కొద్దికాలానికి స్టాక్‌హోమ్ సిండ్రోమ్ అయింది. పేరు పెట్టేముందు ఆయన క్రిస్టిన్‌తో మాట్లాడలేదు. ఆమె రోజుల తరబడి వేలెత్తి చూపింది పోలీసుల నిర్వాకాన్ని. ఆ పోలీసులకు సలహాలిచ్చిన వైద్యుడే ఆమె మనసుకి రోగం అంటగట్టాడు. ఆమె విమర్శకు ఎవరూ జవాబు చెప్పుకోవాల్సిన అవసరం లేకుండా పోయింది.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ బందీలు చెప్పిన కొన్ని విషయాలు చదివితే నాకూ వింతగానే ఉంటుంది. ఇరుకు గదిలో ఊపిరాడని ఎలిజబెత్ ఓల్డ్‌గ్రెన్‌ని ఓల్సన్ మెడకి తాడు కట్టి కాసేపు బయట నడవనిచ్చాడు. అదెంతో దయగా అనిపించిందని ఆమె తర్వాత చెప్పింది. స్వెన్ సెఫ్‌స్ట్రోమ్‌ని కాలి మీద కాలుస్తానన్నప్పుడు, కాలే కదా, మంచివాడే అనిపించిందని అతనూ అన్నాడు. భయం మనిషిని మార్చదని నేననడం లేదు. చావు చేతిలో పెట్టుకున్నవాడు చూపే గోరంత దయ కొండంత అనిపిస్తుంది. మనలో చాలామందికి అది తెలియని సంగతి కాదు. ఐతే దాన్ని ఒక ఆడమనిషి బుద్ధిలోపంగా మాత్రమే చూపించి, బయట తలుపు మూసిందెవరన్న ప్రశ్నని మింగేస్తేనే నా అభ్యంతరం.

ఆ మాటకి డి.ఎస్.ఎమ్. అనే అమెరికన్ మనోవ్యాధుల జాబితాలో ఎప్పుడూ చోటు దొరకలేదు. క్రిస్టిన్ తర్వాత సైకోథెరపిస్టు అయింది. 2015లో తన కథ తానే రాసి, తానే ఆ సిండ్రోమ్‌గా మారిపోయిన వైనాన్ని పుస్తకం పేరులోనే చెప్పుకుంది. ఆ మాట లోకాన్ని చుట్టేసిన నలభై ఏళ్ళకు పైగా తర్వాత అన్నమాట.

*

ఆ మాట ప్రయాణాన్ని క్లుప్తంగా చెప్తాను. 1974 ఫిబ్రవరిలో అమెరికాలో పత్రికాధిపతి కుటుంబానికి చెందిన పాటీ హర్స్ట్‌ని ఒక సాయుధ బృందం ఎత్తుకుపోయింది. ఏప్రిల్‌లో ఆమె వాళ్ళతో కలిసి బ్యాంకు దోపిడీలో కనిపించింది. ఆ కేసుతో ఇలాంటి మాటలు ఇంటింటికీ చేరాయి. 1980ల నుంచి ఇళ్ళల్లో దెబ్బలు తినే స్త్రీల గురించి రాసేటప్పుడు బందీలతో పోలిక మామూలైపోయింది. మన స్త్రీవాదులూ దీనికి అతీతులు కారు. 1994లో డీ గ్రేహమ్, ఇద్దరు సహరచయిత్రులతో కలిసి ‘లవింగ్ టు సర్వైవ్’ అనే పుస్తకం రాసింది. పురుషాధిపత్యంలో స్త్రీలందరి స్థితీ స్టాక్‌హోమ్ బందీల స్థితే అని అందులో వాదించింది. ఆమె ఉద్దేశం స్త్రీల మీద జరిగే హింస ఎంత తీవ్రమైనదో చూపించడమే. నేను ఆ పుస్తకాన్ని ఇష్టంగా చదివినదాన్నే. ఆ కేస్ షీటులో ఆ మాట రాసినప్పుడు నా వెనక ఆ చదువు కూడా ఉంది. అంటే ఈ మాటను పితృస్వామ్యం మన మీద రుద్దింది అని చేతులు దులుపుకోలేను. మన చదువు మీద నమ్మకంతో మనమే వాడాం.

ఇక్కడ మన అనుభవంలోదే ఒకటి గుర్తు చేస్తాను. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి ఏజెన్సీలో గుర్తేడు దగ్గర పీపుల్స్‌వార్ దళం కొందరు ఐ.ఏ.ఎస్. అధికారుల్ని పట్టుకుపోయింది. వాళ్ళలో ఎస్.ఆర్. శంకరన్ ఉన్నారు. జైల్లో ఉన్న కొందరు నక్సలైట్లను ప్రభుత్వం విడుదల చేశాక వీళ్ళు విడుదలయ్యారు. పదేళ్ళ తర్వాత ఆ శంకరన్‌గారే పౌరస్పందన వేదికను ముందుండి నడిపి, ప్రభుత్వానికీ నక్సలైట్లకీ మధ్య చర్చలు జరగాలని పాటుపడ్డారు. 2004లో చర్చలు జరిగాయి. ఆయన్ని ఏ వైద్యుడూ సిండ్రోమ్ అనగా నేను వినలేదు. వివేకం అన్నారు, మానవత్వం అన్నారు, సరిగ్గానే అన్నారు. ఇరుపక్షాల తుపాకుల గురించీ మాట్లాడిన మగ అధికారికి వివేకం అన్న పేరొచ్చింది. అదే పని ఫోన్‌లో ప్రధానమంత్రితో చేసిన 23 ఏళ్ళ బ్యాంకు గుమస్తాకి జబ్బు అన్న పేరొచ్చింది.

*

ఆ అమ్మాయి అడిగి వెళ్ళిన కొన్ని నెలలకి వాళ్ళమ్మ నాలుగోసారి వచ్చింది. ఈసారి నేను సలహా ఇవ్వకుండా, ఎందుకు వెనక్కి వెళ్తున్నావని మాత్రం అడిగాను. అంతకుముందు మూడుసార్లు ఆ ప్రశ్న అడగలేదా అంటే, అడిగాను. కాకపోతే తప్పు చేసినవాళ్ళని అడిగినట్టు అడిగాను. ఆమె చాలాసేపు చెప్పింది. కుట్టుమిషన్ ఆ ఇంట్లో ఉంది. గిరాకీలంతా ఆ గల్లీవాళ్ళే. బిడ్డ కాలేజీ అక్కడికి దగ్గర. వసతి గృహంలో కొన్నాళ్ళే ఉండనిస్తారు, ఎదిగిన పిల్లని పెట్టుకుని ఆ తర్వాత ఎక్కడికి పోవాలి? ఒకసారి పోలీసులు అతన్ని పట్టుకెళ్ళి సాయంత్రానికి వదిలేశారు. ఆ రాత్రి పడిన దెబ్బలు అంతకుముందు ఎన్నడూ పడలేదు. చివర్లో ఆమె అన్న మాట నాకు అలాగే గుర్తుంది:

“ఆయన ఎప్పుడు తాగుతడో, ఎప్పుడు కొడ్తడో నాకు ఎర్కే మేడమ్. మీరంత ఎప్పుడొస్తరో, ఎన్నిరోజులుంటరో, గదే ఎర్కలేదు.”

సిల్వియా అద్దాల్లోంచి చూసిందీ, క్రిస్టిన్ ఫోన్‌లో చెప్పిందీ ఇదే లెక్క. లోపలివాడి ప్రమాదం, బయటివాళ్ళ ప్రమాదం రెండూ తూచి, ఈపూటకి ఏది తక్కువో దాన్ని ఎంచుకోవడం. ఆ లెక్క తప్పు కావచ్చు కూడా. ఇంట్లో ప్రాణాలు పోయినవాళ్ళు మన దగ్గర తక్కువేం లేరు. అలాగని అది లెక్కే కాదనడం వేరు. లెక్క అని ఒప్పుకుంటే, తూకం మార్చడానికి బయట మనం ఏం పెట్టగలం అన్న ప్రశ్న మన మెడకు చుట్టుకుంటుంది. జబ్బు అంటే చుట్టుకోదు.

గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ చట్టం స్త్రీ మనసులో ఏముందని అడగదు. ఆమె ఎక్కడుంటుంది అని అడుగుతుంది. ఉంటున్న ఇంట్లోనే ఉండే హక్కు ఆమెకుందని చెబుతుంది. అమలులో ఎన్ని లోపాలున్నా, దాన్ని రాయించుకోవడానికి పోరాడిన స్త్రీలు సరైన ప్రశ్నతోనే మొదలుపెట్టారు. ఆ చట్టం అప్పటికి మా కేంద్రం గోడ మీద పోస్టరుగా ఉంది. నేను దాని కిందే కూర్చుని ఆమె షీటు మీద జబ్బు పేరు రాశాను.

ఆ రోజు కొత్త షీటు తీసి నాలుగు వరుసలు రాశాను. మిషన్ బయటికి తేవడం ఎలా. బిడ్డ ఫీజు ఎవరు కడతారు. నివాస హక్కు కోసం దరఖాస్తు. రాత్రిపూట ఫోన్ చేస్తే ఎత్తే మనిషి పేరు. ఆ నాలుగింట్లో మేం చెయ్యగలిగింది రెండు. ఆమె ఆరోజు కూడా ఆ ఇంటికే వెళ్ళింది. మూడేళ్ళకి కూతురికి ఉద్యోగం వచ్చాక తల్లీకూతుళ్ళు వేరే ఒక గది తీసుకుని, మిషన్‌తో సహా వెళ్ళిపోయారు. మాకు చెప్పలేదు. తర్వాత ఎవరో చెబితే తెలిసింది. అవకాశం వచ్చిన రోజున ఆమె ఎవరి సలహా కోసమూ ఆగలేదు.

పాత షీటు ఫైల్లోనే ఉంది. నేను రాసిన ముక్కని గీత గీసి కొట్టేశాను గానీ చింపెయ్యలేదు. గీత కింద అక్షరాలు ఇప్పటికీ కనిపిస్తాయి. కొత్తగా పనికి వచ్చే అమ్మాయిలకి ఆ పేజీ చూపిస్తాను. వాళ్ళు కూడా ముందు అడిగేది అదే, ఇది ఎందుకు రాశారు మేడమ్ అని.